పన్నెండుగురు ఆఫీసర్లు

మేడ మీది గది,
లాండ్రీ వెనక వీధి.
మార్చి 6

వదినకి,

నీ మరదలు ఆఫీసరయింది. నవ్వితే నవ్వావు గాని, పూర్తిగా చదివి నవ్వు.

సోమవారం మమ్మల్ని వరసగా నిలబెట్టి మెడలో నీలం తాళ్ళున్న కార్డులు వేశారు. ‘ఫ్లోర్ ఆఫీసర్’ అని రాసుంది. మా లాండ్రీ హాల్లో ఉన్నది పందొమ్మిది మంది. అందులో పన్నెండుగురం ఆఫీసర్లం. అందరూ పల్లకీ ఎక్కితే మోసేదెవరంటారే, మా దగ్గర ఆ చిక్కు లేదు. ఎక్కినవాళ్ళమే దిగి మోస్తున్నాం.

పని మాత్రం వెంట్రుకవాసి మారలేదు. ఆసుపత్రుల నుంచి వచ్చిన మూటలు విప్పడం, నెత్తురంటినవి ఒక పక్కకి, మలం అంటినవి ఒక పక్కకి ఏరడం, ఉతికినవాటిని ఇస్త్రీకి ఆవిరి రోలర్ల మధ్యకి తోయడం, అవతల అందుకుని మడతపెట్టడం. ఇదివరకు ఐదింటికి గంట మోగేది. ఆ తర్వాత ఉండమంటే గంటకి రెట్టింపు. ఇప్పుడు మాది నెలజీతం. వెనకటి మీద రవ్వంత ఎక్కువ. ఐదింటికి గంట మోగుతుంది గాని, అది మాక్కాదట. ఏడుగురు ఇళ్ళకి పోతారు. ఆఫీసర్లం ఉండి మిగిలిన బట్టల బండ్లు ఖాళీ చేస్తాం.

ఉత్తర్వు కాగితంలో ఒక వాక్యం రాశారు వదినా: ‘ఇకపై మీ సేవలు గంటలతో కొలవదగినవి కావు.’ అది చదివి పిన్ని ఏమందో తెలుసా? “కొలవకపోతే పోనీయండే, చేతికొచ్చినంత పోస్తారేమో చూద్దాం” అంది. పిన్నంటే రోలర్ దగ్గర ఇరవై రెండేళ్ళుగా నిలబడ్డ మనిషి. ఎవరికి ఏ వరసో తెలీదు, హాలందరికీ పిన్నే.

ఫోన్ చేద్దామంటే నీ పక్కన అన్నయ్య ఉంటాడు. ఇదే కంపెనీ హెడ్డాఫీసులో, సిబ్బంది విభాగంలో కూర్చునేవాడి చెవిలో మా హాలు గోల ఊదడం నాకిష్టం లేదు. అందుకే నీ షాపు చిరునామాకి రాస్తున్నాను. నువ్వూ రాయి.

నీ
ఆఫీసరు మరదలు


టైపు, జిరాక్సు షాపు.
మార్చి 15

మరదలు పిల్లకి,

నీ ఉత్తరం వచ్చినప్పుడు మిషన్ల మీద ఒకరి అద్దె ఒప్పందం, ఇంకొకరి పెళ్ళి కార్డు నడుస్తున్నాయి. రెండూ ఆపి చదివాను.

కొత్తలో ఏ పనైనా చొక్కా ఇరుకైనట్టే ఉంటుంది. నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుంది. హోదా అన్నది ఊరికే రాదు. మీ అన్నయ్య అంటూంటారు, మనిషిని గంటల లెక్కన చూడటం కూలీతనమట, నెల లెక్కన చూడటం గౌరవమట. ఆయన మాటలో నిజం లేకపోలేదు. నీకు ఓపిక తక్కువ, చిన్నప్పుడు పాలు పొంగేదాకా కూడా నిలబడేదానివి కాదని మీ అన్నయ్యే చెప్పారు.

ఒక్క సంగతి. ఆ ఉత్తర్వులో మాట సరిగ్గా ‘కొలవదగినవి కావు’ అనే ఉందా, ‘కొలవబడవు’ అని ఉందా? మళ్ళీ ఒకసారి చూసి రాయి. ఊరికే అడిగాను. టైపు చేసేదాన్ని కదా, మాటల పిచ్చి.

వేళకి తిను.

వదిన


మేడ మీది గది.
మే 20

వదినా,

‘కొలవదగినవి కావు’ అనే ఉంది. నేను పేజీ నిండా నా ఏడుపు రాస్తే నువ్వు వ్యాకరణం అడిగావు. సరే.

ఈ వారం అరవై ఏడు గంటలు చేశాను. గోడ మీద క్యాలెండర్‌లో, రోజూ ఇల్లు చేరిన టైము గడిలో రాసుకుంటున్నాను. ఎవరికో చూపించడానికి కాదు, నాకు మతి పోయిందేమోనని అనుమానం వచ్చినప్పుడు చూసుకోవడానికి.

మా మేనేజర్ని మేం ‘చిరునవ్వు’ అంటాం. ఆ నవ్వు మొహమ్మీద ఇస్త్రీ చేసి పెట్టినట్టుంటుంది, మడత నలగదు. పోయినవారం హాల్లో గోడ గడియారం తీయించేశాడు. ఎందుకండీ అంటే, “ఆఫీసర్లు టైము చూసుకోకూడదమ్మా, చూస్తే మనసు చిన్నదవుతుంది” అన్నాడు. ఆ మేకు ఇంకా గోడకే ఉంది. దాని చుట్టూ తెల్లగా గుండ్రటి మచ్చ. పనిచేస్తూ పన్నెండుగురం ఆ మచ్చ వైపే చూస్తాం. చూసి ఏం తెలుస్తుంది?

మూటల్లో ఏమొస్తాయో నీకు రాయకూడదు గాని రాస్తాను. సూదులొస్తాయి. పళ్ళ సెట్టు ఒకటొచ్చింది. ఒకసారి తెగిన వేలి గోరు. ఇవన్నీ నాకు రోత కాదు వదినా, జబ్బుపడ్డ మనుషుల మురికి ఉతికితే పోతుంది. పోయిన నెలాఖర్న చిరునవ్వు నన్ను బల్ల మీదికెక్కించి, ‘ఈ నెల మేటి ఆఫీసర్’ అని స్టీలు గ్లాసు ఇచ్చి ఫొటో తీయించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు, నీ దగ్గర దాపరికమెందుకు, నిజంగానే సంతోషం వేసింది. ఇంటికొచ్చి ఆ గ్లాసులో నీళ్ళు తాగబోతే, ఆ సంతోషం గుర్తొచ్చి గ్లాసు బోర్లించేశాను. ఇంత చవగ్గా అమ్ముడుపోయానా అని.

నీ
మరదలు


మేడ మీది గది.
జూన్ 11

వదినా,

పిన్ని చెయ్యి కాలిపోయింది.

శుక్రవారం సాయంత్రం ఏడున్నరకి దుప్పటి తోస్తూ నిలబడే కునికింది. దుప్పటితో పాటు కుడిచెయ్యి మణికట్టు దాకా రోలర్ల మధ్యకి పోయింది. మీట లాగే లోపు... ఆ వాసన నేను రాయను. మిషన్ ఆగాక ఆవిడ అరవలేదు. “దుప్పటి పాడయిందే” అంది. అంతే అంది.

ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మేం ఉతికిన దుప్పటి మీదే పడుకోబెట్టారు.

మర్నాడు చిరునవ్వు ఏం చెప్పాడో విను. ఆఫీసర్లు వచ్చేటప్పుడే సంతకం పెడతారు, పోయేటప్పుడు పెట్టరు. హాలు ఐదింటికి మూసినట్టు రిజిస్టర్లో ఉంది. కాబట్టి, “ఐదు దాటాక ఆవిడ అక్కడెందుకుందో కంపెనీకి తెలీదు” అట. అదే మొహం, అదే నవ్వు. అరవై గంటలు పీల్చుకున్నప్పుడు తెలుసు, చెయ్యి కాలినప్పుడు తెలీదు. నా నోట్లో ఉమ్మి ఊరింది. మింగాను. అదింకా గొంతులోనే ఉంది.

అన్నయ్యతో చెప్పు వదినా. నా కోసం కాదు. హెడ్డాఫీసు నుంచి ఒక్క మాట వస్తే పిన్ని వైద్యానికి ఒప్పుకుంటారు. నేను అన్నయ్యని ఇంతవరకూ ఏదీ అడగలేదు.

మరదలు


టైపు షాపు.
జూన్ 19

మరదలికి,

జరిగింది విని బాధపడ్డాను. కాలిన గాయాలకి మంచి మందు ఒకటి పార్సిల్ చేశాను, పిన్నికివ్వు.

మీ అన్నయ్య పనుల్లో ఉన్నారు. వీలు చూసి చెబుతాను. నువ్వు మాత్రం ఇందులో తల దూర్చకు. ఒంటరిగా ఉండేదానివి, ఉద్యోగం పోతే ఇబ్బంది. పెద్దవాళ్ళు వాళ్ళే ఏదో ఒకటి చూస్తారు.

వదిన


మేడ మీది గది.
జూన్ 24

వదిన గారికి,

మందు అందింది. చర్మం ఉన్నచోట రాసుకునే మందు అది. పిన్నికి రాయడానికి చర్మం లేదు.

నువ్వు రాసిన ఉత్తరం ఎవరో పక్కన నిలబడి చెబితే రాసినట్టుంది. నా వదిన ఇలా రాయదు. ఆవిడ తిడుతుంది, నవ్విస్తుంది, అక్షరం తప్పయితే దిద్దుతుంది. ఈ చల్లారిన నీళ్ళలాంటి మాటలెవరివి? నీకేదో తెలుసు. చెప్పదలచుకోకపోతే రాయడం మానెయ్యి.

మరదలు


టైపు షాపు.
జులై 2

మరదలు పిల్లా,

షాపు తలుపు సగం దించి రాస్తున్నాను. పూర్తిగా చదివాక నన్ను ఏమైనా అనొచ్చు.

మిమ్మల్ని ఆఫీసర్లని చేసిన పథకం రాసింది మీ అన్నయ్య. టైపు చేసింది నేను.

పోయిన చలికాలంలో ఒక ఆదివారం, ఆయన చేత్తో రాసిన పదకొండు పేజీలు తెచ్చి, “కాస్త త్వరగా కొట్టి పెట్టు” అన్నారు. ఆయన పని నేనెప్పుడూ కాదనలేదు. ఆయన ‘గంటలతో కొలవబడవు’ అని రాశారు. చెవికి మొరటుగా ఉందనిపించి నేనే ‘కొలవదగినవి కావు’ అని మార్చాను. గౌరవంగా వినబడుతుందనుకున్నాను. చదివి ఆయన, “నీ చెయ్యి పడితే కాగితానికి కళ వస్తుంది” అని మెచ్చుకున్నారు. మురిసిపోయాను. నీ మొదటి ఉత్తరంలో ఆ వాక్యం కనబడగానే అది నాదేనని గుర్తుపట్టాను. అయినా ‘సర్దుకుంటుంది’ అని నీకు నీతులు రాశాను. ఇప్పుడు తలుచుకుంటే నా వేళ్ళని చూసుకోబుద్ధి కావడం లేదు.

నీ ఉత్తరం చూశాక ఆయన్ని అడిగాను. దాచను, జరిగింది జరిగినట్టు రాస్తాను.

“ఏవండీ, రోలర్లో చెయ్యి పడ్డావిడ సంగతి మీకు తెలుసా?”

“తెలుసు. రిపోర్టు వచ్చింది. నిర్లక్ష్యం.”

“పన్నెండు గంటలు నిలబడితే కునుకు రాదా?”

“ఎవరు నిలబడమన్నారు? ఉత్తర్వులో ఎక్కడైనా ఉందా, పన్నెండు గంటలు చెయ్యమని?”

“లేదు. నేనే కదా కొట్టాను. ఎన్ని గంటలు చెయ్యాలో లేకుండా జాగ్రత్తగా రాశారు.”

ఆయన కంచంలో మిగిలిన ముద్ద తినేశారు. తర్వాత, “దాని పేరు జాబితాలో చేర్పించింది నేనే. చెల్లెలు కూలీదానిలా ఉండకూడదని. మంచికి పోతే ఇదా?” అన్నారు. అని చెయ్యి కడుక్కుని పడక్కుర్చీలో కూర్చుని పేపరు విప్పారు. పిల్లా, పదహారేళ్ళ కాపురంలో ఆయన కోపం చూశాను, పిసినారితనం చూశాను, అన్నీ మనుషులకుండేవే అనుకున్నాను. ఆ పేపరు విప్పడం చూసినప్పుడు మాత్రం వెన్నులోంచి ఏవగింపు పాకింది. వరండాలోకి పోయి నిలబడ్డాను.

మొదటి రాతప్రతి నా దగ్గర ఉండిపోయింది. పై అధికారులకి పోయిన కాగితంలో తీసేసిన మాటలు అందులో ఉన్నాయి. నాలుగో పేజీలో ఆయన చేతిరాతతోనే: ‘విధులలో మార్పు ఉండదు. హోదా పేరు మాత్రమే మారుతుంది. తద్వారా అదనపు గంటల చెల్లింపు నిలిచిపోతుంది.’

అసలు ప్రతి నీకు పంపుతున్నాను. జిరాక్సు నా దగ్గర ఉంచుకున్నాను. దాంతో ఏం చెయ్యాలో నీ ఇష్టం.

వదిన


మేడ మీది గది.
ఆగస్టు 9

వదినా,

నీ మీద కోపం రావాలని నాలుగు రోజులు ప్రయత్నించాను. వచ్చింది గాని నిలబడలేదు. ఎందుకంటే నేనూ ఒకటి దాచాను.

ఆ శుక్రవారం ఆరింటికే పిన్ని నా దగ్గరికొచ్చింది. “కళ్ళు అంటుకుపోతున్నాయే, ఇక పోతాను” అంది. నేనేమన్నానో తెలుసా? “ఇంకో రెండు బండ్లేగా పిన్నీ, నువ్వెళ్తే అవి నా నెత్తిన పడతాయి.” ఆవిడ సరేనని మళ్ళీ రోలర్ దగ్గరికి పోయింది. చిరునవ్వు ఆ రోజు హాల్లోనే లేడు. ఉండాల్సిన అవసరం లేదుగా! మమ్మల్ని మాచేతే కాపలా కాయించాడు. ఇది తెలుసుకున్నప్పటి నుంచీ నాకు నా గొంతు వింటేనే రోత. పిన్నితో చెప్పేశాను. “నేను మాత్రం నీతో అలా ఎన్నిసార్లు అనలేదు?” అంది.

మొన్న కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్ళాను. లావు కళ్ళద్దాల ఇన్‌స్పెక్టరమ్మ ఉంది. నా కార్డు తిరగేసి మరగేసి చూసింది.

“ఎవర్నైనా పనిలోకి తీసుకునే అధికారం ఉందా నీకు?”

“లేదండి.”

“తీసేసే అధికారం?”

“లేదండి.”

“పోనీ ఎవరికైనా సెలవివ్వగలవా?”

“నా సెలవే నాకు దొరకదండి.”

“మరి రోజంతా ఏం చేస్తావు?”

చేతులు చాపి చూపించాను. ఉతికే సోడాకి తెల్లగా పాలిపోయి, వేళ్ళ సందుల్లో పగిలిన చేతులు. ఆవిడ కార్డు బల్ల మీద బోర్లా పెట్టేసింది. “మెడలో ఏం వేలాడితే ఏంటమ్మా, చేతులు చేసేదే ఉద్యోగం” అంది. క్యాలెండర్ పేజీలు ఒక్కొక్కటీ చూసి లోపల పెట్టుకుంది. “ఇవి సరిపోవచ్చు. కానీ వాళ్ళు తెలిసి తెలిసీ చేశారని చూపే కాగితం ఒక్కటుంటే, వాళ్ళింకేం మాట్లాడలేరు” అంది.

ఆ కాగితం అప్పుడు నా సంచిలోనే ఉంది వదినా. తీయలేకపోయాను. ఆ చేతిరాతతోనే నాకు అక్షరాలు దిద్దించాడు అన్నయ్య. ఇస్తే వాడి కొలువు పోతుంది, నీ ఇల్లు ఏమవుతుందో తెలీదు. వచ్చే గురువారం దాకా గడువడిగాను. నువ్వేమంటే అది.

మరదలు


టైపు షాపు.
ఆగస్టు 12

పిల్లా,

ఇచ్చెయ్.

నా ఇల్లు గురించి నువ్వు ఆలోచించకు. ఈ షాపు మీద ఒక మనిషి బతకొచ్చు, ఇద్దరూ బతకొచ్చు. ఎవరిచ్చారని ఇన్‌స్పెక్టరమ్మ అడిగితే నా పేరు, ఈ చిరునామా చెప్పు. టైపు చేసిన మనిషినని నేనే వచ్చి చెబుతాను. ఆయనకి ఈ పూటే ముందుగా చెప్పేస్తున్నాను, వెనక నుంచి పొడిచానన్న మాట నాకొద్దు.

వదిన


మేడ మీది గది.
నవంబరు 3

వదినా,

ఆ రోజు విచారణలో సాక్ష్యం చెప్పి నువ్వు బస్సెక్కేశావు. తర్వాత జరిగింది రాస్తున్నాను.

కంపెనీ తరఫున అన్నయ్యనే కూర్చోబెట్టారు, చూశావుగా. రాతప్రతి బల్ల మీదికి రాగానే పక్కనున్న లాయరు కుర్చీ అంగుళం అవతలికి జరుపుకున్నాడు. నేను కళ్ళారా చూశాను. సాయంత్రానికి హెడ్డాఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఇదంతా ఒక ఉద్యోగి సొంత ఆలోచనట, యాజమాన్యానికి తెలియదట! నువ్వు టైపు చేసిన కాగితం కింద ఆమోదిస్తూ ముగ్గురు పెద్దల సంతకాలున్నా తెలియదట. పిన్ని చెయ్యి గురించి ఎలా తెలియదో, అలాగే. ఆ మాటకి ఇన్‌స్పెక్టరమ్మ కూడా కళ్ళద్దాలు తీసి నుదురు నొక్కుకుంది.

తీర్పు మనదే. నీలం తాళ్ళు వెనక్కి తీసుకున్నారు. మార్చి నుంచి చేసిన అదనపు గంటలన్నిటికీ రెట్టింపు ఇవ్వాలి. పిన్ని వైద్యం, పరిహారం కంపెనీదే. చిరునవ్వుని ఇంకో ఊరి బ్రాంచికి మార్చారు, పై మెట్టుకి. అక్కడా గడియారం తీయిస్తాడు గామోసు. మావాళ్ళు మిఠాయి పంచుకున్నారు. నేను నోట్లో పెట్టుకున్నాను గాని, గెలిచిన రుచి తెలియలేదు. పిన్ని కుడిచేతి వేళ్ళు ఇక మూసుకోవట.

అన్నయ్య ఎలా ఉన్నాడు?

మరదలు


టైపు షాపు.
నవంబరు 21

పిల్లా,

ఆయన చేత రాజీనామా రాయించుకున్నారు. మూడు వారాలు గోడకేసి కూర్చున్నారు. నాతో మాట్లాడలేదు, నేనూ బతిమాలలేదు.

నిన్న షాపుకొచ్చి కాగితాల కట్ట ఒకటి మిషన్ పక్కన పెట్టారు. ఏమిటా అని చూద్దును గదా, కంపెనీ మీద ఫిర్యాదు. పధ్నాలుగేళ్ళుగా తను రోజుకి పన్నెండు గంటలు పనిచేశారట, ఆదివారాలు కూడా ఇంట్లో పని చేశారట, హోదా పేరు చెప్పి తనని పీల్చేశారట. మీ పన్నెండుగురికి ఇచ్చినట్టే తనకీ ఇప్పించాలట. ఒక్క అక్షరం అబద్ధం లేదు పిల్లా! అదే నా బాధ. అవన్నీ నేను చూసినవే. తనకి జరుగుతున్నదేమిటో ఈయనకి మొదట్నుంచీ తెలుసు. తెలిసే, దాన్ని అందంగా మడతపెట్టి మీకు తొడిగారు. ఆ కట్ట ముట్టుకోవాలంటే మీ మూటలు విప్పే గదిలో ఉన్నట్టనిపించింది.

“టైపు చేస్తాను. కానీ ముందు మీరు వెళ్ళి ఆవిడ చెయ్యి చూసి రండి” అన్నాను. “ఏ బస్సు?” అన్నారు.

గురువారం వస్తున్నారు. నీ గదిలోకి రానిస్తావో, వీధిలోనే నిలబెడతావో నీ ఇష్టం. పిన్ని ఇంటికి మాత్రం తీసుకెళ్ళు.

వదిన


మేడ మీది గది.
నవంబరు 28

వదినా,

వచ్చాడు. గదిలోకి రమ్మనలేదు. వీధిలోంచే పిన్ని ఇంటికి తీసుకెళ్ళాను.

పిన్ని ఎడంచేత్తో తలుపు తీసింది. ఎవరో చెప్పాను. కుర్చీ చూపించి, తను మంచమ్మీద కూర్చుని, కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. అన్నయ్య దాని వైపు చూడలేక గోడ వైపు చూశాడు. “ఇటు చూడు” అన్నాను. చూశాడు. వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుని, మెరుస్తూ, కరిగి గడ్డకట్టిన కొవ్వొత్తిలా ఉంటుంది అది.

పిన్నే అడిగింది: “నువ్వక్కడ ఎన్ని గంటలు చేసేవాడివి బాబూ?”

“పన్నెండు... ఒక్కోసారి పదమూడు.”

“అదనంగా ఏమైనా ఇచ్చేవాళ్ళా?”

తల అడ్డంగా ఊపాడు.

“అయ్యో పాపం” అంది పిన్ని.

ఎకసెక్కం కాదు వదినా, నిజంగానే అంది. ఆ ఒక్క మాటకి వాడు రెండు చేతుల్లో మొహం పెట్టుకుని భోరుమన్నాడు. పిన్ని లేచి ఎడంచేత్తో మంచినీళ్ళు తెచ్చిచ్చింది. సగం కింద ఒలికాయి. వాడు తాగాడు.

నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. నాకు జాలి రాలేదు. రావాలేమో, నా తోడబుట్టినవాడు. కానీ ఆ నీళ్ళు వాడి గొంతులో దిగుతున్న చప్పుడు వింటుంటే నాకు రోత పుట్టింది. బయటికెళ్ళి కాలవ గట్టున కూర్చున్నాను.

వాడి ఫిర్యాదు టైపు చెయ్యి వదినా. వాడికి రావలసింది వాడికి రావాలి, అందులో పేచీ లేదు. ఇన్‌స్పెక్టరమ్మ దగ్గరికి కావాలంటే నేనే తీసుకెళ్ళి, ఆ గంటలు నిజమేనని సాక్ష్యం కూడా చెబుతాను.

మా ఇంటికి మాత్రం రావద్దని చెప్పు.

నీ
మరదలు